అయిదు పూతల కింద

కోయంబత్తూరు మిల్లు ఓనరు అడిగిందొకటే:
"బండి సరే, దీని జాతకం కావాల."
షోలవరంలో పరుగెత్తినట్టు రుజువుంటే
ఇంకో పది లక్షలు.
లేకుంటే ఇనుము, చెక్క, తోలు. అంతే లెక్క.

దొరికింది బంగారుపాళ్యం పక్కన మామిడితోపులో,
గుజ్జు ఫ్యాక్టరీ ఖాళీ డ్రమ్ముల వెనక.
రెండే సీట్లు.
బానెట్టు కింద కోడి పొదిగిన గడ్డి.
స్పీడు ముల్లు నలభై మీద నిలిచిపోయింది,
ఏ దారిలో నలభయ్యో, ఎవరి కాలి కిందో.

గ్రీమ్స్‌పేట షెడ్డుకు ట్రాక్టరు కట్టి లాక్కొచ్చి
ముందు కాగితాల మీద పడినాను.
ఆర్టీవో ఆఫీసు రికార్డు గదిలో
మూడు మధ్యాహ్నాలు తుమ్మినాను.
మదరాసు రాష్ట్రం నాటి రిజిస్టరు
చెదలు సగం చదివేసి ఉండాయి.
మొదటి పేరు హార్ట్‌లీ దొర, చక్కెర మిల్లు మేనేజరు.
రెండు, డాక్టరు దైవసహాయం, మదనపల్లె.
క్షయ రోగుల ఊపిరి చెవిపెట్టి వినే మనిషి
ఇంత రొద చేసే బండిని ఎందుకు కొన్నాడో
రిజిస్టరు చెప్పదు.
మూడు, ఏకాంబర మొదలియారు, బెల్లం మండీ.
నాలుగో పేరు మీద సిరా ఒలికింది.
అయిదోది వేలిముద్ర.

డాక్టరు మనవడు బెంగుళూరు నుంచి ఫోటో పంపినాడు:
వెనక ఎయిర్‌స్ట్రిప్పు, తాటాకు పందిరి,
చేతిలో కప్పుతో డాక్టరు,
ఇస్త్రీ మడత చెదరని చొక్కా,
మొహమ్మీద ఒక్క దుమ్ము రేణువు లేదు.
ఫోటో అంచున
కెమెరా సగానికి కోసేసిన ఇంకో మనిషి.
మొహమంతా మసి,
కంటి చుట్టూ మాత్రం తెల్లటి గుండ్రం.
కళ్ళద్దాలు పెట్టుకుని తోలినోడికే
ఆ గుండ్రం మిగిలేది.

ఆ రాత్రి డోరు మీద ఉప్పుకాగితం పెట్టినాను.
తెలుపు పోయింది, ఎవరి పెళ్ళి ఊరేగింపు తెలుపో.
పసుపు, మొదలియారు బెల్లం రంగు, పోయింది.
నలుపు. దాని కింద మెరూను.
అన్నిటికంటే అడుగున
దొర నాటి ముదురాకుపచ్చ మీద
చేత్తో దిద్దిన పదిహేడు.
ఏడు తోక కొంచెం వంకర.

డ్యాష్‌బోర్డు చెక్క విప్పితే లోపలివైపు
మేకుతో గీకిన తెలుగక్షరాలు:
"మొగిలి కనుమ, పదకొండు నిమిషాలు."
కింద, "పది ముప్పావు."
దాని కింద, "పది. వాన."
సంతకం లేదు. ఒట్టి "ద."

ఆ ఒక్క అక్షరం పట్టుకుని
పాత మెకానిక్కులనంతా అడుక్కుంటా
మురకంబట్టు చేరినాను.
ఖైరూన్‌బీ బీడీ ఆకు కత్తిరిస్తా ఉండాది,
తలెత్తకుండానే చెప్పింది.
"దస్తగిరి. మా నాయన.
క్లబ్బోళ్ళు మెకానిక్కు పేరు రాసుకోరంట.
టోపీ పెట్టి, కళ్ళద్దాలు పెట్టి
డాక్టరయ్య పేరుతో లోపలికి పంపినారు.
కప్పు మదనపల్లెకు పోయింది.
మా ఇంటికి ఎడమ చెయ్యి కాలిన చొక్కా వచ్చింది,
దాంతోబాటు అరవీశె హల్వా.
హల్వా మాత్రం బాగుండింది."

మిల్లు ఓనరుకు ఫోన్‌లో అంతా చెప్పినాను.
కాసేపు మాట లేదు.
"ఆ చెక్క సంగతి వదిలెయ్యి.
డాక్టరు తోలినాడనే రాయి. ఫోటో కూడా ఉంది కదా."
ఆలోచిస్తానన్నాను.
ఇంకా ఆలోచిస్తానే ఉండాను.
షెడ్డు బాడుగ మూడు నెలలది బాకీ.

నిన్న ఇంజను లేచింది.
నలభై నుంచి ముల్లు ఒక్కసారి అదిరి
సున్నాకు పడింది.
డెబ్బయ్యేళ్ళు దాటిన ఖైరూన్‌బీ
ఆటో దిగి షెడ్డు గుమ్మంలో నిలబడింది.
బండిని ముట్టలేదు, పదిహేడు వైపు చూడలేదు.
కొంగు చెవి వెనక్కి తోసి
తల ఒక పక్కకు వంచింది.

"మూడో సిలిండరు దగ్గుతాంది, చూసుకో" అని
అదే ఆటోలో వెళ్ళిపోయింది.

వారం నుంచి
నేను వెతుకుతా ఉండేది దాన్నే.